టి.బి. మెదడు పొరలకు సోకితే: వెన్నునీటి పరీక్షకు భయపడకండి

"వెన్నులోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయంటున్నారు, నిజమేనా డాక్టరుగారూ?"

మెదడు పొరల వాపు ఉందేమోనన్న అనుమానంతో రోగిని చేర్చుకున్నప్పుడు బంధువులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. సంతకం చేయడానికి ఊరి నుంచి పెద్దవారెవరో రావాలంటూ ఒకటి రెండు రోజులు గడిపేస్తారు. ఈ జబ్బులో ఆ రెండు రోజులు ఎంతో విలువైనవి.

మెదడును, వెన్నుపామును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. లోపలి పొరల మధ్య నీటివంటి స్వచ్ఛమైన ద్రవం ఉంటుంది. ఈ పొరలకు క్రిములు సోకి వాచిపోవడాన్నే మెనింజైటిస్ అంటారు. మెదడే వాచిపోతే అది ఎన్‌సెఫలైటిస్, అంటే మనం మామూలుగా చెప్పుకునే మెదడువాపు. మామూలు బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ గంటల్లోనే మనిషిని పడగొడుతుంది కాబట్టి ఇంట్లోవారు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. టి.బి. వల్ల వచ్చేది అలా కాదు, దొంగలా వస్తుంది.

మొదట రెండు మూడు వారాలు కొద్దిపాటి జ్వరం, తలనొప్పి, ఆకలి లేకపోవడం ఉంటాయి. పిల్లలైతే ఆటలు మానేసి, ఊరికే చిరాకుపడుతూ పడుకుంటారు. జ్వరం బిళ్ళ వేస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. టైఫాయిడ్ అనుకుని కొన్నాళ్ళు, కళ్ళజోడు మార్చాలనుకుని కొన్నాళ్ళు గడుస్తాయి. తరువాత వాంతులు, మెడ బిగుసుకుపోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట తికమకగా ఉండడం మొదలవుతాయి. పొంతన లేకుండా మాట్లాడుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ ఉన్నారు. ఆపైన ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, స్పృహ తప్పడం. మందులు మొదలుపెట్టేనాటికి రోగి ఎంత స్పృహలో ఉన్నాడన్నదాన్ని బట్టే చాలావరకు ఫలితం ఉంటుంది.

ఇక ఆ ప్రశ్నకు జవాబు. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద, రెండు వెన్నుపూసల మధ్య. అక్కడ వెన్నుపాము ఉండదు, నీటిలో తేలే నరాల పోగులే ఉంటాయి. అవి సూదికి పక్కకు జరుగుతాయి. పెద్దవారి శరీరంలో ఈ ద్రవం సుమారు 150 మి.లీ. ఉంటుంది, రోజుకు 500 మి.లీ. దాకా కొత్తగా తయారవుతుంది. పరీక్షకు తీసేది రెండు మూడు చెంచాలకు మించదు. తీసిన చోట నొప్పి, కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉండవచ్చు. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉందన్న అనుమానముంటే ముందుగా స్కానింగ్ తీసి, క్షేమమనుకుంటేనే చేస్తారు. మరి కాళ్ళు పడిపోతాయన్న మాట ఎలా పుట్టింది? జబ్బు ముదిరి కాలూ చెయ్యీ పడిపోయినవారికి కూడా ఈ పరీక్ష చేస్తారు. నింద సూది మీద పడుతుంది.

ఆ నీటిలో చక్కెర తగ్గి, ప్రోటీను పెరిగి, ఒక రకం తెల్లకణాలు ఎక్కువైతే టి.బి.ని అనుమానిస్తాం. క్రిమి కోసం సీబీనాట్ పరీక్ష కూడా చేస్తారు. కానీ ఈ నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి అవి దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు. "రిపోర్టులో ఏమీ రాలేదు కదా, మందులెందుకు?" అని మానేయకండి.

1940ల్లో స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవారు బతకడం అన్నది దాదాపు లేదు. ఇప్పుడు సకాలంలో వస్తే కోలుకుని మళ్ళీ బడికీ పనికీ వెళ్ళేవారున్నారు. టి.బి. మందులతో పాటు మొదటి కొన్ని వారాలు స్టెరాయిడ్ కూడా ఇస్తారు. దానివల్ల మరణాలు తగ్గుతాయని వియత్నాంలో జరిగి 2004లో ప్రచురితమైన పెద్ద పరిశోధనలో తేలింది. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. ఊపిరితిత్తుల టి.బి.కి సాధారణంగా ఆరు నెలలు చాలు, దీనికి దాదాపు ఏడాది పాటు మందులు కావాలి. ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తుంది. రెండో నెలలో తలనొప్పి పోయి, అన్నం సహించి, మనిషి తేరుకోగానే చాలామంది ఆపేస్తారు. మేము ఎక్కువగా భయపడేది అప్పుడే.

మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడకండి, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు సరిగా కనబడకపోయినా వెంటనే తీసుకురండి. మందులు వాడుతుండగానే తలనొప్పి పెరిగి మగతగా ఉంటే తలలో నీరు చేరిందేమో చూడాలి. అవసరమైతే చిన్న గొట్టం అమర్చి ఆ నీటిని కడుపులోకి మళ్ళిస్తారు.

రోగిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే మెదడు పొరల టి.బి. అంటుకోదు. తినిపించండి, మాట్లాడించండి. అయితే ఇంట్లో రెండు వారాలకు మించి దగ్గుతున్నవారెవరైనా ఉంటే వారికి కళ్ళె పరీక్ష చేయించండి. పసిపిల్లలకు చాలాసార్లు జబ్బు అక్కడి నుంచే వస్తుంది. పుట్టగానే వేసే బి.సి.జి. టీకా పసివారిని ముఖ్యంగా ఇలాంటి తీవ్రమైన టి.బి. నుంచే కాపాడుతుంది.

ప్రార్థన చేయించుకోవాలనుకుంటే వార్డు సిస్టరుతో చెప్పండి, పాస్టరుగారు మంచం దగ్గరికే వస్తారు. ఆయన వచ్చేదాకా సంతకం మాత్రం ఆపకండి.