ప్రయోగశాలలో గుండె కండర ప్రొటీన్లు

గుండె కండరంలో మయోసిన్, యాక్టిన్ అనే ప్రొటీన్ల పోగులు పక్కపక్కనే ఉంటాయి. మయోసిన్ తలలు ఏటీపీ నుంచి శక్తి తీసుకుని యాక్టిన్ పోగును లాగితే కండరం ముడుచుకుంటుంది. ఈ లాగుడు మితిమీరకుండా చూసేది మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి.

ఈ మూడో ప్రొటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 బేస్ జతలు లోపించిన రూపం గుండె కండర జబ్బులకు, హార్ట్ ఫెయిల్యూర్‌కు దారితీసే అవకాశం ఎక్కువని 2009లో తేలింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, ఆయన సహచరులు నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఈ సంగతి వెల్లడించారు. భారత ఉపఖండ మూలాలున్నవారిలో సుమారు 4 శాతం మందిలో ఈ లోపం ఉంది. అయితే ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. ఏ జన్యు మార్పు కండరం ముడుచుకునే తీరును ఎంత చెడగొడుతుందో తెలియాలంటే ఆ ప్రొటీన్‌నే విడిగా పరీక్షించాలి.

బతికున్న మనిషి గుండె కండరం పరిశోధనకు దొరకడం కష్టం. ఎలుక జఠరికల్లో ఉండే మయోసిన్ రకమే వేరు. అందుకే మనిషి జన్యువును ఈ-కోలి బ్యాక్టీరియాలో చొప్పించి, ఆ బ్యాక్టీరియాను పెంచి, పగలగొట్టి, కావలసిన ప్రొటీన్‌ను వడగట్టి తీస్తారు. ఇదే రీకాంబినెంట్ ప్రొటీన్. ట్రోపోనిన్ అనే మరో కండర ప్రొటీన్‌కు ఈ పద్ధతి చాలు. మయోసిన్ మాత్రం బ్యాక్టీరియాలో సరిగ్గా ముడత పడదు కాబట్టి దాన్ని ఎలుక కండర కణాల్లో తయారుచేస్తారు.

పరీక్ష కోసం గాజుపలక మీద మయోసిన్‌ను అంటించి, మెరిసే రంగు పట్టించిన యాక్టిన్ పోగులను పైన వదిలి, ఏటీపీ కలుపుతారు. పోగులు పాకుతుంటే మైక్రోస్కోపులో చూసి వేగం కొలుస్తారు. అమెరికాలోని దక్షిణాసియా సంతతిపై 2018లో వెలువడిన అధ్యయనం ఇదే పద్ధతిని వాడింది. 25 బేస్ జతల లోపమున్నవారిలో దాదాపు పదింట ఒకరికి అదే జన్యువులో డీ389వీ అనే మరో మార్పూ కనిపించింది. ఆ మార్పుతో తయారుచేసిన ప్రొటీన్ ముక్కను కలిపినప్పుడు, మామూలు ముక్కతో పోలిస్తే యాక్టిన్ ఎక్కువ వేగంగా జారింది. అంటే అదుపు సడలిందన్నమాట.

మందుల పరిశోధనకూ ఈ ప్రొటీన్లు పనికొస్తున్నాయి. గుండె కండరం దళసరెక్కి రక్తం బయటికి పోయే దారికి అడ్డుపడే జబ్బుకు 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావాకామ్టెన్, ఒకేసారి పనిచేసే మయోసిన్ తలల సంఖ్యను తగ్గిస్తుంది. ఎలా తగ్గిస్తుందో వివరించడంలో రీకాంబినెంట్ మయోసిన్ ప్రయోగాలు తోడ్పడ్డాయి.

గాజుపలక మీద రక్తపోటు ఉండదు, నరాల ప్రభావం ఉండదు. కాబట్టి అక్కడ తేలిన ఫలితాన్ని గుండె కణాల్లో, కండర పీలికల్లో, చివరికి రోగుల్లో సరిచూశాకే నిర్ధారణకు వస్తారు.