ఎకో గదిలో విద్యార్థులు ఎందుకు?



"అమ్మా, డాక్టరుగారు ఒక్కరు చూస్తే చాలదా? ఈ పిల్లలందరూ ఎందుకు?" ఎకో పరీక్షకు వచ్చినవారు మా నర్సులను తరచుగా అడిగే మాట ఇది. న్యాయమైన ప్రశ్నే. ఈ సంచికలో దానికి జవాబు చెప్పదలిచాము.

ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్. ఇ.సి.జి. వేరు, ఇది వేరు. మన చెవికి వినిపించని శబ్ద తరంగాలు గుండెకు తగిలి తిరిగివస్తాయి. వాటివల్ల గుండె గదులు, కవాటాలు కదులుతూ తెరపై కనిపిస్తాయి. సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ఛాతీ మీదనుండి చేసే ఈ పరీక్షకు ఉపవాసం అక్కరలేదు. 1953లో స్వీడన్ దేశంలోని లుండ్ పట్టణంలో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త దీనికి నాంది పలికారు. లోహంలో పగుళ్లు వెదికే యంత్రంతోనే వారు మొదట గుండెను చూశారు.

యంత్రం ఉన్నంతమాత్రాన బొమ్మ రాదు. ఎముక, ఊపిరితిత్తుల్లోని గాలి తరంగాలను అడ్డుకుంటాయి. అందుకే ప్రోబును పక్కటెముకల సందున పెట్టాలి. మిమ్మల్ని ఎడమ పక్కకు తిరగమనేది కూడా గుండె ఛాతీగోడకు దగ్గరవుతుందనే. చేయి కాస్త వంగితే బొమ్మ మారిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. విద్యార్థులు ముందు ఒకరిపై ఒకరు నేర్చుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండె అలా తెలుస్తుంది. జబ్బుపడిన గుండె ఎలా ఉంటుందో మాత్రం రోగుల దగ్గరే నేర్చుకోవాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొంతకాలం క్రితం ఒక తల్లికి పరీక్ష చేస్తూ ఒక విద్యార్థి తెర చూసి "అయ్యో" అన్నాడు. అతనికి బొమ్మ దొరకలేదు, అంతే. ఆమె మాత్రం తన గుండె పాడైపోయిందనుకుంది. రాత్రంతా నిద్రపోలేదు. ఉదయం డాక్టరుగారు వచ్చి కవాటాలు బాగున్నాయని చెప్పేదాకా టిఫిను ముట్టలేదు. ఆ విద్యార్థి వచ్చి క్షమాపణ అడిగాడు. కాని ఆ గదిలో మా నర్సు కూడా ఉంది. ఆ మాట విని ఊరుకున్నది మేమే.

అప్పటినుండి ఈ నియమాలు పాటిస్తున్నాము:

1. విద్యార్థి తన పేరు చెప్పి మీ అనుమతి అడగాలి. మీరు వద్దంటే వద్దే. మీ వైద్యంలో ఏ తేడా రాదు.

2. స్త్రీలకు పరీక్ష చేసేటప్పుడు నర్సు పక్కనే ఉంటుంది. పరదా వేసి, అవసరమైనంత మేరకే బట్ట తొలగిస్తారు.

3. నొప్పిగాని ఆయాసంగాని అనిపిస్తే చేయి ఎత్తండి. వెంటనే ఆపుతారు.

4. తెర చూస్తూ విద్యార్థులు వ్యాఖ్యానించరాదు. రిపోర్టు ఇచ్చేది, వివరించేది డాక్టరుగారే.

5. గర్భిణీల వెంట వచ్చే పెద్దలు బిడ్డ ఆడా, మగా అని అడగవద్దు. ఇది తల్లి గుండెకు చేసే పరీక్ష. పైగా అది చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

ఇంత శ్రమ ఎందుకంటారా? చిన్నప్పుడు గొంతునొప్పి, తరువాత కీళ్లనొప్పులతో జ్వరం వచ్చి తగ్గిపోతుంది. ఆ కీళ్లవాత జ్వరం కొందరిలో గుండె కవాటాన్ని పాడుచేస్తుంది. ఏళ్ల తరువాత ఆ అమ్మాయి గర్భవతి అయినప్పుడు ఆయాసపడితే, "కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కవాటం సన్నబడిన సంగతి ఎకోలో కనిపిస్తుంది. సమయానికి తెలిస్తే మందులు, అవసరమైతే బెలూన్ చికిత్స ఉన్నాయి. తెలియకపోతే కాన్పు సమయంలో తల్లి ప్రాణానికే ముప్పు.

నేడు తడబడే ఈ చేతులే రేపు ఏదో చిన్న ఊరి ఆసుపత్రిలో అటువంటి తల్లిని పరీక్షిస్తాయి. మీరు ఓపికగా ఇచ్చే ఆ పది నిమిషాలు ఆమెకు ఉపయోగపడతాయి. ఇష్టమైతేనే ఒప్పుకోండి. ఒప్పుకున్నవారికి మా అందరి కృతజ్ఞతలు. ఈ విద్యార్థులను, వారు రేపు చూడబోయే రోగులను మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి.