మూత్రాశయ నొప్పికి నోటి మందులు - వాడే ముందు తెలియవలసినవి

మచిలీపట్నం: మూత్రవిసర్జనలో మంట, పొత్తికడుపు నొప్పి కనిపించగానే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని వాడటం మన గ్రామాలలో పరిపాటి. అయితే కల్చర్ పరీక్షలో సూక్ష్మక్రిములు లేవని తేలినప్పటికీ బాధ ఆరు వారాలకు మించి కొనసాగినచో, అది ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే దీర్ఘకాలిక వ్యాధి కావచ్చును. యాంటీబయాటిక్‌లకు ఇది లొంగదు. మహిళలలోనే అధికం. దివిసీమలో, గుడివాడ పరిసరాలలో నాట్లకు, కలుపుతీతకు వెళ్ళే స్త్రీలు చాటు లేక రోజంతా నీరు తగ్గించి త్రాగుతారు. చిక్కబడిన మూత్రం నొప్పిని మరింత పెంచుతుంది.

మందు మొదలుపెట్టే ముందు మూత్రనాళ క్షయ, రాళ్ళు, క్యాన్సర్ లేవని నిర్ధారించుకొనుట తప్పనిసరి. మన దేశంలో క్షయను విస్మరించుట ప్రమాదకరం.

ఈ వ్యాధికి ప్రత్యేకించి అమెరికాలో 1996లో అనుమతి పొందిన నోటి మందు పెంటోసాన్ పాలీసల్ఫేట్ సోడియం. మోతాదు 100 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. మూత్రాశయపు దెబ్బతిన్న లోపలి పొరను ఇది కప్పి కాపాడుతుందని భావన. నాటి పరీక్షలలో మూడు నెలలకు 38 శాతం మందికి నొప్పి గణనీయంగా తగ్గగా, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 18 శాతం మందికి తగ్గింది. 2015లో ప్రచురితమైన 368 మందిపై జరిగిన అధ్యయనంలో మాత్రం ఈ తేడా కనిపించలేదు. కనుక దీనిని ‘దివ్యౌషధం’గా పేర్కొనుట సరికాదని పాత్రికేయ మిత్రులు గమనించగలరు. ఫలితం తెలియుటకు మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చును. రక్తాన్ని కొద్దిగా పలుచన చేస్తుంది గనుక అటువంటి ఇతర మందులు వాడేవారు వైద్యునికి ముందే చెప్పవలెను.

అసలు ఆందోళన కంటి విషయంలో ఉన్నది. ఏళ్ళ తరబడి వాడినవారిలో రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నట్లు 2018లో వెల్లడైంది. 2020 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికను మందు వివరపత్రంలో చేర్పించింది. మందు ఆపినా ఈ నష్టం పూడకపోవచ్చును. కాబట్టి ప్రారంభించిన ఆరు నెలలలోపు, పిదప క్రమం తప్పక రెటీనా పరీక్ష చేయించుకొనవలెను. చీకటికి కళ్ళు అలవాటుపడకపోవడం, చదువుటలో ఇబ్బంది తొలి సూచనలు.

అమిట్రిప్టిలిన్‌ను రాత్రివేళ 10 మిల్లీగ్రాములతో ఆరంభించే పద్ధతి కూడా ఉన్నది. మగత, నోరు ఎండుట, మలబద్ధకం దీని ఇబ్బందులు. పులుపు, కారం, కాఫీ కొందరికి పడవు. పచ్చళ్ళ సీమలో ఇది కష్టమే గాని, కొన్నాళ్ళు మాని చూడవచ్చును.

మందు ఆరంభించిన తేదీని చీటీపై వ్రాయించుకొనుట అవసరం. నాగాయలంక నుంచి వచ్చిన రోగిని ఒకసారి గుడివాడలో, మరొకసారి మచిలీపట్నంలో వేర్వేరు వైద్యులు చూచినపుడు, మొత్తం ఎన్నాళ్ళు వాడినదీ తెలిసేది ఆ చీటీ వల్లనే.