చప్పట్లు ఒకచోట.. ముక్తాయింపు మరొకచోట

అమలాపురం: కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాయకుడే గాక వయోలా, మృదంగం సైతం వాయించిన విద్వాంసుడు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్‌పై రాగాలు పలికించారు. వీరు వేదికపై అప్పటికప్పుడు కల్పించిన మనోధర్మ సంగీతాన్ని ప్రక్కవాద్యకారులు, శ్రోతలు ఒకే తీరున వినరు.

కల్పన స్వరాలు వేగమందుకోగానే సభలో చప్పట్లు మోగుతాయి. మృదంగ విద్వాంసుని ధ్యాస మాత్రం ముక్తాయింపుపైనే. ఆదితాళంలో ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు చొప్పున 32 మాత్రలు. పది మాత్రల జతిని మూడుసార్లు, నడుమ రెండుచోట్ల ఒక్కో మాత్ర విడిచి వాయిస్తే లెక్క సరిగ్గా సమానికి చేరుతుంది. పాట ఎత్తుగడ అర అక్షరం తరువాతయితే 34 కావాలి. అప్పుడు రెండేసి మాత్రలు విడవాలి. శ్రోతకు అది వట్టి విరామం. వాయించేవారు దానినీ లెక్కిస్తారు.

రాగాలాపనలో తాళం ఉండదు. శ్రోత రాగం పేరు పోల్చుకుని తృప్తిపడతాడు. వయొలిన్ విద్వాంసుడు మాత్రం గాయకుడు ఏ స్వరంపై నిలుస్తాడోనని కనిపెట్టి ఉంటాడు.

ఇక తని ఆవర్తనం రాగానే కాఫీకి లేచేవారు ఏ సభలోనైనా ఉంటారు. కచేరీ మొత్తంలో మృదంగ విద్వాంసునికి తనకంటూ దక్కేది ఆ కొద్ది నిమిషాలే. శాస్త్రం తెలియనివారు సైతం చేత్తో తాళం వేస్తూ కూర్చుంటే ముక్తాయింపు పడే చోటు క్రమంగా చెవికి అందుతుంది.