మప్పిందీ నేస్తమే... మాన్పించేదీ నేస్తమే

పాడేరు ఘాట్ దిగి, మాడుగుల మీదుగా చోడవరం వచ్చి, అనకాపల్లి దగ్గర హైవే ఎక్కే దారి ఉత్తరాంధ్రలో తెలియనివాళ్లుండరు. మన్యం కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా దిగేది ఆ దారినే. శీలావతి రకం గంజాయి మూటలు దిగేదీ ఆ వైపు నుంచే. గోవాడ అనే ఊరు ఉన్నది ఆ చోడవరం మండలంలోనే. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. చుట్టుపక్కల రైతులకు గోవాడ అంటే సహకార చక్కెర ఫ్యాక్టరీ. క్రషింగ్ మొదలైతే చెరకు బళ్లూ ట్రాక్టర్లూ కాటా కోసం బారులు తీరేవి. బకాయిల కోసం అదే రైతులు రోడ్డెక్కిన రోజులూ ఉన్నాయి. చెరకు మీద నమ్మకం సన్నగిల్లిన ఇలాంటి పల్లెల్లో ఇంటరో, ఐటీఐయో, డిగ్రీయో పూర్తిచేసి పనికోసం చూస్తున్న కుర్రాళ్లుంటారు. వాళ్ల పక్క నుంచే గంజాయి వెళ్తుంటుంది.

సరుకు మీద ప్రభుత్వం గట్టిగానే పడింది. 2021లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగలబెట్టారు. 2024 చివర్లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు పెట్టారు. ఇదంతా కావలసిందే. కానీ ఆ సరుకుకు అలవాటు పడిన పందొమ్మిదేళ్ల పిల్లవాడు ఒకరోజు పొద్దున్నే లేచి "ఇక మానేస్తాను" అనుకుంటే, ఆ పూట అతని పక్కన కూర్చునేదెవరు? పోలీసుకు ఆ తీరిక లేదు. డాక్టరు విశాఖలో ఉంటాడు. అమ్మానాన్నలకు చెప్పే ధైర్యం అతనికి లేదు.

పక్కన కూర్చోవలసినవాడు అతనిలాంటి కుర్రాడే. అంతకుముందు తాగి, మానేసి, మానడం ఎలా ఉంటుందో తెలిసినవాడు. చెప్పదలచుకున్నది ఇదే.

ఇద్దరు పక్కనుంటే

2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో గేమ్ ఆడించి చూశారు. తెర మీద కారు వెళ్తుంటుంది. పసుపు లైటు పడుతుంది. ఇంకా ముందుకెళ్తే పాయింట్లు పెరుగుతాయి. ఎప్పుడో ఒకప్పుడు గోడ అడ్డొస్తుంది, గుద్దుకుంటే సంపాదించిందంతా పోతుంది. 13 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని, 18 నుంచి 22 ఏళ్ల కుర్రాళ్లని, 24 దాటినవాళ్లని కొందర్ని ఒంటరిగా, కొందర్ని ఈడువాళ్లు పక్కనుండగా ఆడించారు. పెద్దవాళ్లకు పక్కన ఎవరున్నా పెద్ద తేడా లేదు. చిన్నవాళ్లు మాత్రం తోటివాళ్లు చూస్తుంటే మరింత దూకుడుగా ఆడారు. 18 నుంచి 22 మధ్యవాళ్లలో కూడా ఆ దూకుడు కనిపించింది.

మన ఊళ్లలో జరిగేదీ ఇదే. మొదటి దమ్ము ఎవడూ ఒంటరిగా కొట్టడు. చెరువు గట్టు మీదో, కాలేజీ వెనకో, క్రికెట్ ఆట అయ్యాకో, "ఒక్కసారి చూడరా, ఏటౌద్ది?" అని ఒక నేస్తం అందిస్తాడు. డబ్బులు కూడా మొదట్లో వాడే పెడతాడు. కొడుకుని చెడగొట్టారని ఆ నేస్తాల్ని తిట్టే తల్లి మాటలో అబద్ధం లేదు. అయితే ఈడువాళ్ల మాటకు అంత బలం ఉందని తెలిశాక, ఆ బలాన్ని మాన్పించడానికి ఎందుకు వాడుకోకూడదు?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 3.1 కోట్ల మంది భంగు, గంజాయి, చరస్ లాంటివి వాడుతున్నారు. మద్యం తాగేవాళ్లు 16 కోట్లు. నన్ను ఎక్కువ కలవరపెట్టిన అంకె వేరే ఉంది. జిగురు, వైట్‌నర్, పెట్రోలు లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉంటే, పిల్లల్లో 1.7 శాతం. పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. వీటిని పీల్చడానికి లైసెన్సు దుకాణం అక్కర్లేదు, ఘాట్ రోడ్డు అక్కర్లేదు. పంచర్ షాపు పక్కనుంటే చాలు.

ఇంటికొచ్చాక

డీ-అడిక్షన్ సెంటర్‌లో కొన్ని వారాలుండి వచ్చిన కుర్రాడి సంగతి చూద్దాం. గంజాయి ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు మొదలవుతుంది. నిద్ర పట్టదు, పట్టినా పిచ్చి కలలు. అన్నం సహించదు. మొదటి వారం గడ్డుగా ఉంటుంది, రెండు మూడు వారాలకు ఒళ్లు కుదుటపడుతుంది. సెంటర్ నుంచి వచ్చేసరికి ఆ గండం గడిచిపోతుంది. ఇంట్లోవాళ్లు "బావున్నాడు కదేటి, ఇంక మందులెందుకు?" అంటారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. సాయంత్రం ఐదింటికి వీధిలో బండి హారన్ కొడుతుంది. "ఏరా, ఊరొచ్చీసి ఇంట్లోనే కూకున్నావేటి? ఊరికే కూకుందారి, రా." అవే అరుగులు, అదే బ్యాచ్. వెళ్లకపోతే ఇంకెవరితో మాట్లాడాలి? వెళ్తే ఏమవుతుందో అతనికీ తెలుసు. చెరకు కొట్టేశాక మోడు నుంచి కార్శి తోట లేచినట్టు, పోయిందనుకున్న కోరిక లోపల్నుంచి మళ్లీ లేస్తుంది.

ఆ ఐదు గంటలకు అతనికి వెళ్లడానికి ఇంకో చోటు, కూర్చోవడానికి ఇంకో బ్యాచ్ ఉండాలి. మందు, కౌన్సెలింగ్ రెండూ ఆ గంటలో పక్కన ఉండవు.

పావుగంట అని కూర్చుని

మానేసినవాడే మానాలనుకునేవాడి పక్కన కూర్చునే ఈ పద్ధతి ఊపందుకున్నది ఒక ఊరు కాని ఊళ్లో. 1935 మే నెలలో న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఓహయో రాష్ట్రంలోని ఏక్రన్ వెళ్లాడు. తాగుడు మానేసి ఐదు నెలలైంది. వెళ్లిన పని చెడింది. మేఫ్లవర్ హోటల్ హాల్లో ఒక్కడే తచ్చాడుతుంటే, ఒక చివర బార్‌లోంచి నవ్వులు, గ్లాసుల చప్పుడు. మరో చివర ఊళ్లోని చర్చిల పట్టిక, టెలిఫోను. బార్‌లోకి వెళ్తే తన పని అయిపోతుందని అతనికి తెలుసు. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తను నిలవలేననుకున్నాడు. పాస్టర్లకు ఫోన్లు చేసి, చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని పట్టుకున్నాడు. మే 12 సాయంత్రం "పావుగంట కంటే ఉండను" అంటూ వచ్చిన బాబ్, రాత్రి పదకొండు దాటేదాకా లేవలేదు. విల్సన్ అతనికి నీతులు చెప్పలేదు. తన తాగుడు కథ చెప్పాడు. బాబ్ చివరి గుక్క తాగింది జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ తేదీనే తన పుట్టినరోజుగా చేసుకుంటుంది.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, సాయం అవసరమైనవాడు బాబ్ ఒక్కడే కాదన్నది. సాయం చేయడానికి వెళ్లిన విల్సన్ కూడా ఆ మాటల వల్లే ఆ రాత్రి తాగకుండా నిలిచాడు. డాక్టరుకూ రోగికీ మధ్య ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు.

మన దేశంలోకి ఈ సంఘం 1957లో వచ్చింది. ఒక గది, కొన్ని కుర్చీలు, టీ. ఒకరు లేచి పేరు మాత్రం చెప్పి, "నేను తాగుబోతుని" అని మొదలుపెడతారు. ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు, ఫీజు లేదు. ఎవరి కథ వాళ్లు చెబుతారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాల్ని జల్లెడ పట్టి సమీక్ష ప్రచురించింది. ఈ దారిలో ఉన్నవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉన్నది 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. అయితే ఆ లెక్కలు ప్రధానంగా పెద్దవాళ్లవి, మద్యానివి.

పదిహేడేళ్లవాడికి ఆ గది చాలదు. యాభై ఏళ్ల మావయ్యల మధ్య కూర్చుని, కాలేయం పాడైన కథలు, పెళ్లాం పుట్టింటికి పోయిన కథలు వింటే, "నేనింకా అంత దూరం పోలేదు కదా" అనుకుంటాడు. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పామర్ మెమోరియల్ చర్చిలో మొదలైన కార్యక్రమం ఈ చిక్కు పట్టుకుంది. మానేసిన కుర్రాళ్లకు ఒక కొత్త బ్యాచ్ తయారుచేసిచ్చింది. సమావేశాలతో పాటు ఆటలు, విహారాలు, వారాంతపు కాలక్షేపం. మత్తు లేకుండా కూడా సరదాగా ఉండొచ్చని పిల్లలు చూసి నమ్మాలి, వింటే నమ్మరు. తల్లిదండ్రులకూ విడిగా సమావేశాలుండేవి. తర్వాత ఆ ఊళ్లో ఇలాంటి బృందాలు చాలా పుట్టాయి.

ఒక్కచోట పోగేస్తే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. దారి తప్పుతున్న పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెడితే బాగుపడతారని గ్యారంటీ లేదు. 1999లో థామస్ డిషియన్, మరో ఇద్దరు పరిశోధకులు తమ సొంత కార్యక్రమం ఫలితాలనే దాచకుండా ప్రచురించారు. మంచి ఉద్దేశంతో బృందాల్లో చేర్చిన పిల్లల్లో పొగాకు వాడకం, అల్లరి పెరిగాయని తేలింది. ఒకడు చేసిన వెధవ పని గొప్పగా చెప్తే మిగతావాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే వాడికి బహుమతి.

అందుకే గదిలో ఎక్కువ మంది మానేసి నిలదొక్కుకున్నవాళ్లు ఉండాలి, కొత్తవాళ్లు ఒకరిద్దరే ఉండాలి. అక్కడే ఉండి కథలు ఎటు పోతున్నాయో కనిపెట్టే పెద్దవాళ్లొకరు కావాలి. తాగుడు మానిన కథ చెప్పాలి, తాగినప్పటి మజా కథ కాదు.

రెండో హెచ్చరిక వైద్యానికి సంబంధించింది. రోజూ బాగా తాగేవాడు మద్యం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. గంజాయి వల్ల ఎవరో తరుముతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటుంటే, నేస్తాలతో ఆగకూడదు. ముందు డాక్టరు, తర్వాత బృందం. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. భూతవైద్యుడి దగ్గర వారాలు పోగొట్టుకుని అక్కడికి చేరేకంటే మొదటే వెళ్లడం మేలు.

కాగితం మీద ఉంది

మత్తుకు గిరాకీ తగ్గించే కేంద్ర పథకంలో పిల్లల కోసం తోటివాళ్ల చేతే నడిపించే కార్యక్రమం ఉంది. ఊళ్లోని పిల్లలనే ఎంచి, శిక్షణ ఇచ్చి, మిగతా పిల్లలతో మాట్లాడించాలి. రాష్ట్రంలో ఈగల్ క్లబ్బులున్నాయి, "డ్రగ్స్ వద్దు బ్రో" అనే నినాదం గోడల మీద కనిపిస్తోంది. మంచిదే. అయితే ఇవన్నీ ఇంకా మొదలుపెట్టని పిల్లవాడి కోసం. ఇప్పటికే మొదలుపెట్టినవాడు ఆ ర్యాలీలో ప్లకార్డు పట్టుకుని తలొంచుకు నడుస్తాడు. వాడి కోసం ఒక కుర్చీ వేయకపోతే ఈ ప్రచారం సగంలో ఆగినట్టే.

ఇదివరకూ ఇలాగే జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ అక్కల పోరాటం ఎంత చెప్పినా తక్కువే. దుకాణం మూయించారు, ఇంట్లో తాగుబోతును మాన్పించే పనీ వాళ్ల నెత్తి మీదే పడింది. తాగేవాడితో కూర్చునే మానేసినవాళ్ల సంఘాలు ఆ రోజుల్లోనే ఊరూరా పుట్టి ఉంటే, దుకాణాలు మళ్లీ తెరిచిన రోజున కొందరైనా అటు వెళ్లకుండా నిలిచేవాళ్లని నా నమ్మకం.

పరువు, కేసు

కుటుంబాలు దాచడానికి రెండు భయాలు. ఒకటి పరువు. "పిల్లనెవరిస్తారు?" అన్న మాట దగ్గరే చాలా ఇళ్లలో వైద్యం ఆగిపోతుంది. ఆడపిల్ల అయితే ఆ మాట గడప కూడా దాటదు, అందుకే వాళ్లకు ఆడవాళ్లు నడిపే బృందం వేరుగా కావాలి. రెండోది కేసు భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, కొద్ది మోతాదు దొరికినందుకో కేసులో ఉన్న బాధితుడు, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స పూర్తిగా తీసుకుంటే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. గంజాయికి కొద్ది మోతాదు అంటే కిలో లోపు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ గురించి ప్రతి పంచాయతీ గోడ మీదా రాయించాలి.

గోవాడ ప్రాంతం రైతులకు కలిసి నడవడం కొత్త కాదు. సహకార సంఘం పెట్టుకుని చక్కెర ఫ్యాక్టరీనే నడుపుకున్నారు. వారానికి రెండు సాయంత్రాలు పదిమంది కుర్రాళ్లు కూర్చునే గది వాళ్లకొక లెక్క కాదు. సర్పంచి గారూ, ఒక గది ఇవ్వండి, పంచాయతీ ఆఫీసు అయినా, బడి అయినా, గ్రంథాలయం అయినా సరే. రిటైరైన మాస్టారో, నర్సమ్మో ఒకరు బాధ్యత తీసుకోండి. కాలేజీ ప్రిన్సిపాళ్లూ, మీ దగ్గర పట్టుబడిన కుర్రాడికి టీసీ ఇచ్చి పంపేముందు ఆ గది చూపించండి. ఇంట్లో పిల్లాడు మారుతున్నాడని అనుమానం వచ్చిన అమ్మానాన్నలు జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మనసు బాగోలేదనిపిస్తే టెలి మానస్ 14416 ఉంది. రెండూ ఉచితం.

మానేసి ఏడాది దాటిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ పేరు ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీ వీధిలో ఈ వారం సెంటర్ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడెవరో మీకు ముందే తెలుస్తుంది. సాయంత్రం ఐదింటికి ఆ పాత బ్యాచ్ బండి వాడి గుమ్మం ముందుకు రాకముందే మీరు వెళ్లండి.