క్రిస్మస్ పండుగ - అంతరార్థము

డిసెంబరు మాసము నడుచుచుండగా మా తరగతిలో ఒక విద్యార్థి లేచి, "క్రిస్మస్ మన పండుగ కాదు గదా సార్, దానిని గురించి మనకెందుకు?" అని అడిగినాడు. ప్రశ్న న్యాయమైనదే. అప్పటికప్పుడు మేము చెప్పిన సమాధానము మాత్రము మాకే తృప్తినీయలేదు. ఆ లోటును ఈ వ్యాసమున పూరింప యత్నించుచున్నాము.

ముందుగా భేదమును దాచక చెప్పుకొనవలెను. క్రైస్తవులు యేసును దైవకుమారుడని ఆరాధింతురు. ముస్లిములకు ఈసా అలైహిస్సలాం దేవుని ప్రవక్త. ఈ రెండు విశ్వాసములును ఒకటేనని పలుకుట మర్యాదగా తోచవచ్చును గాని అది ఉభయులకును అన్యాయమే. అయినను ఆ జననగాథ మనకు పరాయిది కాదు. ఖురాన్ షరీఫులోని పందొమ్మిదవ సూరా పేరే మర్యమ్. ప్రసవవేదనతో ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయించిన తల్లి, ఆమె పాదముల చెంత పారిన సెలయేరు, ఆమె కొరకు రాలిన పండ్లు - ఇవన్నియు అందు కలవు. బిడ్డనెత్తుకొని వచ్చిన ఆ తల్లిని జనులు నిందింపగా, ఉయ్యాలలోని శిశువే ఆమె పక్షమున మాటలాడినాడు. తాను దేవుని దాసుడననియు, జీవించినంత కాలము నమాజును, జకాతును పాటింపవలెనని తనకు ఆజ్ఞ అయినదనియు, తల్లియెడల మంచిగా మెలగువానిగా తాను చేయబడితిననియు ఆ పలుకుల సారాంశము. ప్రార్థన, దానము, తల్లి - ఈ మూడును ఒక్క ఊపిరిలో చెప్పబడుటను మా విద్యార్థి మిత్రులు గమనింపవలెనని మా కోరిక. క్రైస్తవ గృహములలో ఈ పండుగనాడు జరుగునదియు దాదాపు ఇదియే గదా!

లూకా సువార్తలోని చిత్రము వేరు. జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకై నజరేతునుండి బేత్లెహేమునకు వచ్చిన యోసేపు మరియలకు సత్రములో స్థలము లేకపోయినది. శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టిరి. మత్తయి సువార్తలో తూర్పుదేశపు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చి సమర్పించిరి. కానుకల ఆచారమునకు దీనినే మూలముగా చెప్పుదురు. డిసెంబరు 25 అను తేదీ సువార్తలలో లేదు. అది నాలుగవ శతాబ్దిలో రోమునగరమున వాడుకకు వచ్చినది. తేదీని గురించి వాదించువారు నేటికిని కలరు. మాకు మాత్రము తేదీకంటె ఆ దొరకని చోటే ముఖ్యమని తోచును.

చోటులేనివానికి, కూడులేనివానికి ఏ విధముగా ఇయ్యవలెను? ఇచ్చుట తేలిక, పుచ్చుకొనువాని తల వంగకుండ ఇచ్చుట కష్టము. ఇందుకు మన తెలుగునేలపై రాతిలో నిలిచిన ఉదాహరణము మెదక్ చర్చి. మెతుకుసీమ అని పేరొందిన ఆ ప్రాంతము నిజాము ఏలుబడిలో ఉండగా, మొదటి ప్రపంచయుద్ధపు రోజులలో మెతుకే కరువైనది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతగురువు ఆకలిగొన్నవారికి ఊరక గంజి పోయుటతో తృప్తినొందక, దేవాలయ నిర్మాణమునకు పూనుకొని వారికి పని కల్పించి తిండికి దారి చూపినాడు. 1914లో మొదలైన ఆ పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ నాడే, చర్చి ఆరాధనకు తెరువబడినది. 2024తో నూరేండ్లు నిండినవి. దాని గోపురము 175 అడుగుల ఎత్తనియు, యేసు జననమును చూపు రంగుటద్దాల కిటికీ అద్భుతమనియు అందరును చెప్పుదురు. నిజమే. అయితే ఆ రాళ్ళు మోసినవారు సాయంకాలము ఇంటికి తీసికొనిపోయినది భిక్ష కాదు, కూలి. మాకు గోపురముకంటె ఇదియే ఎత్తుగా కనిపించును.

మన ఫిత్రా దానములోను ఈ సూక్ష్మమే ఉన్నది. ఈద్ నమాజుకు ముందే దానిని ఇచ్చివేయవలెను. ఏలనన పండుగనాడు బీదవాడు ఒకరి గడపలో నిలువబడరాదు.

ఈ విషయమును మాకు మొదట నేర్పినది పుస్తకము కాదు. మా చిన్ననాట ప్రక్కయింట ఒక క్రైస్తవ కుటుంబము ఉండెడిది. రంజానుకు మా యింటినుండి షీర్ ఖుర్మా, క్రిస్మసుకు వారి యింటినుండి అరిసెలు వచ్చుట వాడుక. ఒక యేడు ఆ యింటి యజమాని పనిచేయు మిల్లు మూతపడినది. డిసెంబరులో వారి వాకిట కాగితపు నక్షత్రమైతే వెలిగినది గాని, వంటింట దంపుళ్ళ చప్పుడు వినిపింపలేదు. మా తల్లి రెండు దినములు ఆలోచించి, నిరుడు అరిసెలు వచ్చిన వారి ఇత్తడి పళ్ళెమును అటకపైనుండి దింపి తోమినది. అందులో కొత్తబియ్యము, బెల్లము, నువ్వులు నింపి, పైన గుడ్డ కప్పి తానే తీసికొనిపోయి, "వదినా, నీ పళ్ళెము నిరుటినుండి మా యింటనే ఉండిపోయినది. ఖాళీగా తెచ్చుట బాగుండదని..." అన్నది. ఆమె గుడ్డ తీసి చూచి, మరేమియు అనక, "కూర్చో వదినా" అని పీట వేసినది.

ఇరువదియైదవ తేదీన చర్చి గంట మ్రోగిన కొంతసేపటికి అదే పళ్ళెము అరిసెలతో మా గడప దాటి వచ్చినది. మా తల్లి వాటిని లెక్కించి మాకందరకు పంచినది. తనకు మిగిలినది అరముక్క. పళ్ళెము మాత్రము మరల మా యింటనే ఉండిపోయినది.