ఇంటి వైఫై పెట్టె - గృహిణి యెఱుగవలసిన సంగతులు

భారతమున నరణ్యపర్వములో ద్రౌపది సత్యభామతో సంభాషించుచు, పాండవుల భాండాగారమందలి యాదాయవ్యయములు తానొక్కతియే యెఱిగియుండెడిదాననని చెప్పినది. ఇల్లాలికి తెలియని మూల యింటిలో నుండరాదన్నదే యందలి నీతి. నేటి యిండ్లలో మన యెఱుకకు దూరముగా నున్న మూల యొకటి కలదు. అది గోడకు తగిలించిన వైఫై పెట్టె, అనగా రౌటరు. పిల్లల పాఠములు, కరెంటు బిల్లు, బ్యాంకు వ్యవహారము, దూరదేశమున నున్న కుమార్తెతో ముఖాముఖి మాటలు - ఇవన్నియు దాని గుండనే సాగుచున్నవి. అయినను అది యాగిపోయిన నాడు, భర్త కచ్చేరినుండి వచ్చువఱకో, కంపెనీ మనిషి తలుపు తట్టువఱకో చేతులు ముడుచుకొని కూర్చుండు గృహిణులు పెక్కురు కలరు. సోదరీమణులారా! ప్రెషరు కుక్కరు వాడుక నేర్చినవారికి ఈ పని యేమంత కష్టము కాదు.

ముందుగా దీని స్వరూపము తెలిసికొందము. వీధి స్తంభమునుండి యింటిలోనికి వచ్చు తీగ యిప్పుడు చాలచోట్ల రాగితీగ కాదు. దానిలో నున్నది వెండ్రుకవంటి గాజుపోగు. సమాచారము దాని గుండ వెలుతురై ప్రయాణించును. ఆ వెలుతురును విద్యుత్సంకేతములుగా మార్చు పెట్టెను వాడుకలో మోడెమ్ అందురు. ఆ సంకేతములను ఇంటిలోని ఫోనులకును, టీవీకిని, కంప్యూటరునకును పంచిపెట్టునది రౌటరు. తపాలామూటను విప్పి యెవరి యుత్తరమును వారికి చేర్చు పోస్టుమాస్టరు పని దానిది. పెక్కు కంపెనీలు ఈ రెంటిని ఒకే పెట్టెలో నమర్చి యిచ్చుచున్నవి. తీగతో పనిలేక రేడియో తరంగముల ద్వారా పంచుటయే వైఫై. ఇట్టి తరంగములు గోడల గుండ పోగలవని జగదీశచంద్ర బోసుగారు 1895లోనే కలకత్తాలో దూరముగ నున్న గంటను మ్రోగించి చూపిరి.

పెట్టె నెన్నుకొనుటకు ముందు మన యవసర మెంతయో లెక్కించుకొనవలెను. వేగమును సెకనుకు మెగాబిట్లలో కొలుతురు. బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కనీసము 2 మెగాబిట్ల వేగ ముండవలెనని కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో నిర్ణయించినది. పిల్లవాని వీడియో పాఠమునకు సుమారు 3, స్పష్టమైన సినిమాకు సుమారు 5 మెగాబిట్లు చాలును. నలుగురు ఒక్కసారి వాడుకొన్నను 20 దాటదు. కావున సామాన్యకుటుంబమునకు 40 లేక 50 మెగాబిట్ల పథకము పుష్కలము. బొమ్మ ఆగి ఆగి కదలుచున్నదని విసిగి 300 మెగాబిట్ల పథకమునకు మారి మాసమాసము అధికముగ చెల్లించుట కలదు. తఱచు లోపము పథకమున గాక, పెట్టె నుంచిన చోటున నుండును.

పెట్టె విషయమున మూడు ప్రశ్న లడుగుడు. మొదటిది: ఇది డ్యూయల్ బ్యాండ్ పెట్టెయా? 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు గోడలు దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. ఇరుగుపొరుగుల పెట్టెలన్నియు ఆ త్రోవనే యుండుటచే త్రొక్కిడియు నెక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు వేగవంతములు గాని గోడలకు త్వరగ నలయును. రెండును గల పెట్టెయే గృహమునకు తగినది. రెండవ ప్రశ్న: వెనుక తీగలు గ్రుచ్చు రంధ్రములు 100 మెగాబిట్లకే పరిమితములా, గిగాబిట్ రంధ్రములా? మొదటి రకమైనచో మీరు 300కు రుసుము చెల్లించినను వచ్చునది 100 మించదు. మూడవది: పెట్టె మనదా, కంపెనీదా? కంపెనీదైనచో ధరావతు సొమ్మెంత, తిరిగి యిచ్చునదెప్పుడు అన్నది కాగితముపై వ్రాయించుకొనవలెను. కొమ్ము లెన్ని యున్నవన్న లెక్కను బట్టి మాత్రము మోసపోవలదు.

ఇక నుంచవలసిన చోటు. తరంగములు దీపకాంతివలె నలుదెసల వ్యాపించును. దీపమును గంపక్రింద నుంచనట్లే దీనిని గూడ దాచరాదు. ఇంటి నడుమ గదిలో, నిలువెత్తున, అడ్డు లేనిచోట నుంచవలెను. ఇనుప బీరువా ప్రక్కను, టీవీ వెనుకను, నిలువుటద్దము చెంతను, నీళ్లతొట్టికి దగ్గఱను ఉంచరాదు. లోహమును, నీరును తరంగముల నడ్డగించును. దోమలు రాకుండ బిగించు ఇనుపవల తలుపును అట్టిదే. మైక్రోవేవ్ పొయ్యి 2.4 ప్రాంతపు తరంగములనే వాడును గనుక వంటయిల్లు దీనికి తగదు. చెక్కతలుపులను తరంగములు సులువుగ దాటును. ఇనుపచువ్వలు గల కాంక్రీటు శ్లాబును దాటుట కష్టము. పిల్లలు మేడమీద చదువుకొనువారైనచో పెట్టెను మెట్లదగ్గఱ నుంచుటయో, తీగ లాగి మేడపై రెండవ పెట్టె నమర్చుటయో మేలు. గాజుపోగు తీగను మడిచి మేకుకు చుట్టరాదు; విరుగును. దాని కొనను కంటి కెదురుగ బట్టి చూడరాదు. కనబడని లేజరు కిరణ మందుండును.

రౌటరును వేఱుగ కొన్నచో, మోడెమ్ నుండి వచ్చు తీగను 'వ్యాన్' అని వ్రాసియున్న రంధ్రమున గ్రుచ్చి, కరెంటిచ్చి, రెండు మూడు నిమిషములు వేచియుండవలెను. పెట్టె యడుగున నంటించిన చీటిపై వైఫై పేరును, పాస్‌వర్డును, 192.168.1.1 లేక 192.168.0.1 వంటి యంకెలును ఉండును. ఫోనును ఆ వైఫైకి కలిపి, బ్రౌజరులో ఆ యంకెలను కొట్టినచో రౌటరు పుట తెఱచుకొనును. కంపెనీవా రిచ్చిన వాడుకపేరు అడిగినచో అక్కడ వ్రాయవలెను.

ఇక ముఖ్యవిషయము. ఈ పెట్టెకు తాళములు రెండు. వైఫై పాస్‌వర్డు వీధితలుపు తాళము. రౌటరు పుటను తెఱచు పాస్‌వర్డు బీరువా తాళము. మొదటిది చుట్టములకు చెప్పవచ్చును. రెండవది యెవ్వరికిని చెప్పరాదు. చాలమంది మొదటిదానిని మార్చి, రెండవదానిని దుకాణమునుండి వచ్చినట్లే విడిచిపెట్టుదురు. అది బీరువాకు తాళపుచెవిని వ్రేలాడదీసినట్లే. రెంటిని మార్చుడు. పన్నెండక్షరములకు తక్కువ కాకుండ, పిల్లల పేర్లును, పుట్టినదినములును, ఫోను అంకెలును లేకుండ నుండవలెను. రక్షణ పద్ధతి యను చోట డబ్ల్యుపిఎ-3 యున్నచో దానిని, లేనిచో డబ్ల్యుపిఎ-2ను ఎన్నుకొనుడు. డబ్ల్యుఇపి యను పాతపద్ధతి యిపుడు పనికిరాదు. 'గెస్ట్' అను వేఱు వైఫైని వచ్చిపోవువారికి కేటాయింపుడు. ఏలయన మన వైఫై గుండ నెవరైన దుష్కార్యము చేసినచో విచారణ మొదట మన గుమ్మమునకే వచ్చును. పిల్లల ఫోనులకు రాత్రివేళ వైఫై నిలిపివేయు నేర్పాటును చాల రౌటరు పుటలలో నుండును. కసరుటకంటె నిది శాంతమైన మార్గము.

కరెంటు ఖర్చును గూర్చి భయపడనక్కఱలేదు. 10 వాట్ల పెట్టె రేయింబవళ్లు వెలిగినను నెలకు సుమారు 7 యూనిట్లు మాత్రమే. కరెంటు పోయినపుడు నడుచుటకు చిన్న యుపియస్ దొరకును. పెట్టెకు 12 వోల్టులో, 9 వోల్టులో చూచి సరిపడునదే కొనవలెను. పసివారు గల యింట తరంగములవలన హాని కలుగునా యని కొందఱు తల్లులు జంకుదురు. ఈ తరంగములకు శరీరమందలి యణువులను విఱుగగొట్టు శక్తి లేదు. పైగా దూరము రెట్టింపైనచో వాని బలము నాలుగవ వంతగును. ఊయల ప్రక్కను గాక హాలులో నుంచినచో మనస్సునకు నిశ్చింత.

వైఫై యాగినచో కంగారుపడక దీపములను చూడుడు. మోడెమ్ పై 'లాస్' అనుచోట ఎఱ్ఱదీప మున్నచో వెలుతురు తీగయందే లోపము. కంపెనీకి ఫోను చేయవలెను. దీపములు సరిగ నున్నచో పెట్టె నార్పి, నిమిషమాగి వెలిగించుడు. పెక్కు చిక్కులు దానితోనే తీఱును. కంపెనీవారమని యెవరైన ఫోనుచేసి పాస్‌వర్డుగాని, ఓటీపీగాని యడిగినచో చెప్పవలదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయుడు.

కడపట నొక్క మాట. జమాఖర్చుల పుస్తకమున నొక పుట విడిచి, కంపెనీ ఫోను అంకె, మన కనెక్షను అంకె, రెండు పాస్‌వర్డులు స్వహస్తముతో వ్రాసి, ఆ పుస్తకమును నగలపెట్టెతోపాటు భద్రపఱచుడు. ఇంటి తాళపుచెవులు మన కొంగుననే యుండుట మన యాచారము. వానిలో నిదియు నొకటి.